పరుపులేసిన వ్యాన్‌లో శ్రావణ యాత్ర

ప్రశ్న: మా పాత టెంపో ట్రావెలర్‌లో సీట్లు తీసేసి పరుపులు, గ్యాస్ స్టవ్ పెట్టించాలనుకుంటున్నాం. శ్రావణంలో ఉరుకుంద, మంత్రాలయం, ఆదోని కోట తిరగొచ్చా? దారిలో బండి ఆగిపోతే?
– ఒక పాఠకుడు, ఎమ్మిగనూరు

జవాబు: తిరగొచ్చు. ముందు ఆర్టీవో ఆఫీసుకు వెళ్లండి. మోటారు వాహనాల చట్టం (1988) సెక్షన్ 52 ప్రకారం అనుమతి లేకుండా బండి రూపం మార్చకూడదు. రేపు ఏదైనా జరిగితే బీమా దగ్గర ఇబ్బంది. స్టవ్ లోపల వద్దే వద్దు; కిందికి దించి వండుకోండి.

మీ వైపు అసలు చిక్కు నల్లరేగడితో. వాన వెలిశాక పైపైన ఆరినట్టే ఉంటుంది, చక్రం దిగితే ఇరుసుదాకా కూరుకుపోతుంది. ట్రాక్టరు వస్తే తప్ప కదలదు. రాత్రిపూట చేలగట్టున కాకుండా పెట్రోల్ బంకులోనో గుడి దగ్గర గట్టినేల మీదో అడిగి ఆపుకోండి. శ్రావణ సోమవారాల్లో ఉరుకుంద గుడి దగ్గర జనం కిటకిటలాడతారు. ఆ రోజు మానుకోవడమే మేలు.

ఇంజిన్ వేడెక్కితే రేడియేటర్ మూత వెంటనే తిప్పకండి, మరిగే నీళ్లు ముఖాన కొడతాయి. బాగా చల్లారాక గుడ్డ కప్పి మెల్లగా తీయండి. ఫ్యాన్ బెల్టు, హోస్ పైపు కొత్తవి ఒక్కోటి వెంట ఉంచుకోండి.

కోటకు బండి కిందే వదిలి, ఎండ ముదరకముందే ఎక్కండి. నీళ్లు మోసుకెళ్లండి.