జొన్నమల్లెను గుర్తించుట

జొన్నచేనిలో పదును చాలినంత యున్నను కొన్ని మొక్కలు నీరు లేనట్లు వాడి, ఆకులు పాలిపోయి, పెరుగక నిలిచిపోవుచుండును. పలువురు దీనిని తెగులనియో, నేల చవుడుబాఱినదనియో తలంతురు. అట్టిచోట సభ్యులు వంగి పైరు మొదళ్ళను పరీక్షింపవలయునని కోరుచున్నాము. జానెడు మించని మొక్కయు, దానిపై మిక్కిలి చిన్నవగు తెల్లపువ్వులును కనబడినచో అది జొన్నమల్లె యేమోయని అనుమానింపవలయును. పేరు ముద్దుగానే యున్నది, పని మాత్రము దొంగపని.

తెల్లపువ్వు గదా యని తుమ్మిని శత్రువుగా నెంచరాదు. వినాయకచవితినాడు మనము కూర వండుకొను తుమ్మి పరుల వేళ్ళ జోలికి పోదు. దాని కాడ నలుపలకలుగా నుండును. పువ్వులు కనుపుల చుట్టును గుత్తులు గట్టును. జొన్నమల్లె ఆకులు సన్నములు, గరుకులు. పువ్వు ఆకు మొదట నొంటిగా పుట్టును. దాని సన్నని గొట్టము పైభాగమున చటుక్కున వంగి, క్రింది పెదవి మూడు పాయలుగా విచ్చును. ఇందు రెండు జాతులు మన జొన్నను పట్టును: పువ్వు క్రింది పచ్చనికోశముపై ఒకదానికి పది ఈనెలు, వేఱొకదానికి అయిదు. రైతునకు రెండును ఒక్కటే. నిశ్చయము కావలెనన్న మన్ను మెల్లగా త్రవ్వి చూడుడు. దాని వేరు జొన్నవేరును పట్టుకొనియుండును.

1956లో అమెరికాలోని కరోలినా రాష్ట్రములలో మొక్కజొన్న యెందుల కెండుచున్నదో తెలియకుండగా, అచ్చట చదువుచుండిన భారతీయ విద్యార్థి యొకడు ఈ మొక్కను పోల్చి చెప్పెనట. మన చేలలో పుట్టినవానికి తెలియక మఱెవరికి తెలియును?

దీని విత్తు ధూళివలె నుండును. ఒక్క మొక్కకు వేలకొలది విత్తులు. అవి నేలలో పదేండ్లకు పైగా బ్రదుకగలవు. జొన్న, మొక్కజొన్న వంటి పైరుల వేళ్ళనుండి ఊరు ద్రవ్యము సోకిననే మొలచును. అట్టి ద్రవ్యమును 1966లో ప్రత్తివేళ్ళ ఊటనుండియే శాస్త్రజ్ఞులు వేఱుపఱచిరి. ప్రత్తి దానిని మొలిపించును గాని ఆహారమియ్యదు, మొలక మాడిపోవును. కావున మరిపెడ చెలకలలో మల్లె కనబడిన చేనికి జొన్నపై జొన్న వేయక, కొన్నియేండ్లు ప్రత్తి వేయుట మేలు. ఒక్క పంటతో తీరునది కాదు. పెంట విరివిగా తోలిన నేలలో దీని బలము తగ్గును.

మొక్క పైకి వచ్చుసరికే నేలలోపల కొన్ని వారములు పైరును పీల్చియుండును; పెఱికినంతమాత్రమున ఈయేటి నష్టము పూడదు. అయినను విత్తు పట్టకమునుపే పెఱికి, గట్టున వేయక కాల్చివేయుడు. ఆ చేనిలో తిరిగిన గొఱ్ఱును, గుంటుకను మన్ను లేకుండ తుడిచిన పిమ్మటనే పొరుగు చేనికి ఎరువిండు.