ఒక ఇంటిపేరు ఎంతకాలం బతుకుతుంది?

విశాఖపట్నంలో జగదాంబ కూడలి నుంచి పాతపట్నం వైపు నడిస్తే పూర్ణా మార్కెట్ వస్తుంది. కూరగాయల గంపలు, పూలదండలు, కిరాణా కొట్లు, బస్తాలు మోసే కళాసీల కేకలు - వీటి మధ్య తలెత్తి చూసే తీరిక ఎవరికీ ఉండదు. ఈసారి వెళ్ళినప్పుడు మీరు ఒక్కసారి తలెత్తి కొట్ల మీది బోర్డులు చదవండి. కొన్ని బోర్డుల మీద యజమాని పేరు ఉంటుంది. దానికి ముందు ఇంటిపేరో, ఇంటిపేరులోని మొదటి అక్షరమో ఉంటుంది. కొన్ని ఇంటిపేర్లు వీధివీధినా కనబడతాయి. కొన్ని ఊరంతా వెదికినా రెండోచోట కనబడవు.

అలాంటి అరుదైన ఇంటిపేరు గల కుర్రవాడొకడు తాతతో కలిసి మార్కెట్టుకు వచ్చాడనుకుందాం.

"తాతా, మన ఇంటిపేరు వాళ్ళు ఇంకెక్కడ ఉన్నారు?" అని అడిగాడు.

"నాకు తెలిసి మనమేరా. మా నాన్న నాటికి నాలుగిళ్ళ వాళ్ళం ఉండేవాళ్ళం."

"మరి మిగతా మూడిళ్ళూ ఏమయ్యాయి?"

"ఒకరికి పిల్లలు లేరు. ఇద్దరికీ అందరూ ఆడపిల్లలే."

కుర్రవాడు ఆలోచనలో పడ్డాడు. నాలుగిళ్ళు ఒక ఇల్లయితే, ఆ ఒక్కటీ రేపు ఏమవుతుంది? ఈ ప్రశ్న చిన్నదేమీ కాదు. దీనికి జవాబు కోసం పేరుపొందిన గణితశాస్త్రజ్ఞులు దాదాపు వందేళ్ళు కష్టపడ్డారు. ఆ కథ తెలుసుకునే ముందు మన ఇంటిపేర్లు ఎలా పుట్టాయో చూద్దాం.

ఊరు నుంచి ఊరి

తెలుగువారి ఇంటిపేర్లలో చాలా భాగం ఊళ్ళ పేర్ల నుంచి వచ్చినవే. తాళ్ళపాక అన్నమాచార్యుల ఊరు తాళ్ళపాక. బమ్మెర పోతన ఊరు బమ్మెర. గురజాడ అప్పారావుగారి ఇంటిపేరు కృష్ణా జిల్లాలోని గురజాడ గ్రామానిది. ఒక కుటుంబం ఊరు విడిచి మరో ఊరు వెళ్ళినప్పుడు కొత్త ఊరివాళ్ళు వాళ్ళను పాత ఊరి పేరుతో పిలిచారు. ఆ పిలుపే తరతరాలకు ఇంటిపేరై నిలిచింది.

మీరు తెలుగు వ్యాకరణంలో ఔపవిభక్తికాలు చదువుకునే ఉంటారు. ఊరు అనే మాట 'ఊరి' అవుతుంది, ఏరు 'ఏటి' అవుతుంది. ఇంటిపేర్లలోనూ ఇదే సూత్రం పనిచేసింది. కందుకూరు 'కందుకూరి' అయింది. టంగుటూరు 'టంగుటూరి' అయింది. విజయనగరం రాజుల ఇంటిపేరు పూసపాటి. అది పూసపాడు అనే ఊరి నుంచి వచ్చింది. పాడు 'పాటి' అయింది. అంతెందుకు, 'ఇంటిపేరు' అన్న మాటలోనే ఇల్లు 'ఇంటి' అయి కూర్చుంది!

చెట్లూ జంతువుల పేర్లూ ఇంటిపేర్లయ్యాయి. చింత, గుమ్మడి, ఏనుగు మీకు తెలిసినవే. వృత్తుల నుంచి, పదవుల నుంచి, పూర్వుల పేర్ల నుంచి కూడా ఇంటిపేర్లు వచ్చాయి.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఒకే ఊరి నుంచి సంబంధం లేని పది కుటుంబాలు బయలుదేరి ఉండవచ్చు. కనుక ఇంటిపేరు ఒకటే అయినంత మాత్రాన వంశం ఒకటే అనుకోకూడదు.

లెక్కపెట్టడం ఎందుకు కష్టం?

పోలెండు దేశంలో ప్రభుత్వం పౌరుల జాబితా ఆధారంగా ఏ ఇంటిపేరు గలవారు ఎందరున్నారో లెక్క ప్రకటిస్తుంది. అక్కడ అందరికన్నా ఎక్కువగా ఉన్నవారు 'నోవాక్'లు, దాదాపు 2 లక్షల మంది. ఆ మాటకు 'కొత్తగా వచ్చినవాడు' అని అర్థం. పదిమంది కూడా లేని ఇంటిపేర్లు ఆ దేశంలో ఎన్నో ఉన్నాయి.

మన జనాభా లెక్కల్లో పేరు రాసుకుంటారు కాని, ఇంటిపేర్ల వారీగా పట్టికలు ప్రచురించరు. పైగా మనం ఇంటిపేరును ఒక్క అక్షరానికి కుదించి రాస్తాం. 'కె.' అని బోర్డు మీద ఉంటే అది కందుకూరో, కాకర్లో, మరొకటో ఎలా తెలుస్తుంది? ఆ అక్షరం అసలు ఇంటిపేరుదే కాకపోవచ్చు కూడా.

ఒక చక్కని ఉదాహరణ చూడండి. ఇద్దరు గొప్ప శాస్త్రజ్ఞులు విశాఖపట్నంలో చదువుకున్నారు. ఒకరు సి.వి.రామన్; ఆయన తండ్రి ఇక్కడి ఎ.వి.ఎన్. కళాశాలలో అధ్యాపకులు. రెండోవారు గణాంకశాస్త్రవేత్త సి.ఆర్.రావు. ఇద్దరి పేర్లకూ ముందున్నది 'సి'. రామన్‌గారి 'సి' చంద్రశేఖర. అది తమిళుల ఆచారం ప్రకారం తండ్రి పేరు. రావుగారి 'సి' కల్యంపూడి, అది ఇంటిపేరు. అక్షరం ఒకటే, అర్థాలు రెండు.

గాల్టన్ వేసిన ప్రశ్న

పూర్వం ఇంగ్లండులో పేరుమోసిన జమీందారీ కుటుంబాల పేర్లు ఒకటొకటిగా అంతరించడం చూసి, 'గొప్పవాళ్ళ వంశాలు బలహీనమవుతాయి కాబోలు' అని కొందరు అనుకునేవారు. ఫ్రాన్సిస్ గాల్టన్ అనే శాస్త్రజ్ఞుడికి వేరే అనుమానం వచ్చింది. ఏ బలహీనతా లేకపోయినా, కేవలం యాదృచ్ఛికంగానే పేర్లు అంతరించవచ్చు కదా? 1873లో ఆయన ఈ ప్రశ్నను ఒక పత్రికలో గణిత సమస్యగా ప్రకటించాడు. హెన్రీ విలియం వాట్సన్ అనే మతాచార్యుడు దాన్ని సాధించడానికి పూనుకున్నాడు.

ఆ లెక్కను మనం రెండు నాణాలతో చేయవచ్చు. వంద ఇళ్ళు, వందా వేర్వేరు ఇంటిపేర్లు అనుకోండి. ప్రతి ఇంట్లో సరిగ్గా ఇద్దరు పిల్లలు. బొమ్మ పడితే కొడుకు, బొరుసు పడితే కూతురు. పెళ్ళయితే కూతురి ఇంటిపేరు మారుతుందనీ, కొడుకులందరికీ పెళ్ళిళ్ళయి మళ్ళీ ఇద్దరేసి పిల్లలు పుడతారనీ అనుకుందాం.

రెండు నాణాలూ బొరుసు పడే సంభావ్యత 1/4. అంటే మొదటి తరంలోనే సుమారు 25 పేర్లు పోతాయి. రెండో తరం ముగిసేసరికి పోయినవి 39, మూడో తరానికి 48, నాలుగో తరానికి 55, అయిదో తరానికి 60. అయిదు తరాలంటే ఇంచుమించు 125 నుంచి 150 సంవత్సరాలు. అంతలోనే వందలో అరవై పేర్లు మాయం!

ఇందులో ఒక విచిత్రం గమనించండి. ఇంటికి సగటున ఒక కొడుకు చొప్పున పుడుతున్నారు కాబట్టి ఇళ్ళ సంఖ్య సుమారు వందగానే ఉంటుంది. కాని ఆ వంద ఇళ్ళూ ఇప్పుడు మిగిలిన 40 పేర్ల కిందికి వస్తాయి. అంటే కొన్ని పేర్లు పోవడమూ, కొన్ని పేర్లు వ్యాపించడమూ రెండూ ఒకే కారణం వల్ల జరుగుతున్నాయి. వీధివీధినా కనబడే పేరు గొప్పదీ కాదు, ఒంటరిగా మిగిలిన పేరు తక్కువదీ కాదు.

వాట్సన్ చేసిన పొరపాటు

ఇప్పుడు ఇంటికి ముగ్గురు పిల్లలు అనుకుందాం. ఒక ఇంటిపేరు ఎప్పటికైనా అంతరించే సంభావ్యతను 'ప' అందాం. పుట్టిన బిడ్డ కూతురయ్యే అవకాశం సగం. అప్పుడు ఆ బిడ్డతో పేరు ఆగుతుంది. కొడుకయ్యే అవకాశం సగం. అప్పుడు ఆ కొడుకు వంశంలో పేరు ఆగిపోయే సంభావ్యత మళ్ళీ 'ప'. కనుక ఒక బిడ్డ ద్వారా పేరు నిలవకపోయే సంభావ్యత (1 + ప)/2. ముగ్గురి ద్వారానూ నిలవకపోతేనే పేరు అంతరిస్తుంది. అందుచేత:

8ప = (1 + ప)³

దీన్ని విస్తరించి కారణాంకాలు కనుక్కుంటే:

(ప − 1)(ప² + 4ప − 1) = 0

ఒక మూలం 1. వాట్సన్ ఇలాంటి సమీకరణంలో ఆ మూలాన్ని చూసి, 'సంభావ్యత 1. కాబట్టి ఇంటిపేర్లన్నీ ఎప్పటికైనా అంతరించవలసిందే' అని 1874లో తేల్చాడు. రెండో మూలాన్ని ఆయన విడిచిపెట్టాడు. అది √5 − 2, అంటే సుమారు 0.236. నిజమైన జవాబు ఇదే. తరం తరువాత తరం లెక్కవేస్తే సంభావ్యత 0.125, 0.178, 0.204, 0.218 అని పెరుగుతూ 0.236ను సమీపిస్తుంది, దాన్ని దాటి 1 దాకా ఎన్నడూ వెళ్ళదు. అంటే ఇంటికి ముగ్గురు పిల్లలుంటే వందలో 76 పేర్లు నిలిచిపోతాయి.

ఫ్రాన్సు దేశస్థుడు బియనేమే 1845లోనే సరైన ఫలితం చెప్పాడు కాని, ఆ సంగతి మరుగున పడిపోయింది. చివరకు 1930లో డెన్మార్కుకు చెందిన స్టెఫెన్‌సెన్ లెక్కను పూర్తిగా సరిచేశాడు. పెద్ద పండితుడి జవాబైనా సరిచూసుకోవాలనడానికి ఇది మంచి పాఠం.

ఇద్దరు పిల్లల లెక్కలో మాత్రం సమీకరణం 4ప = (1 + ప)². అంటే (ప − 1)² = 0. అక్కడ 1 తప్ప వేరే మూలమే లేదు. ముగ్గురికీ ఇద్దరికీ మధ్య ఇంత తేడా ఉంది!

పది ఇళ్ళ బలం

ఒకే ఇల్లున్న పేరు అయిదు తరాల్లో పోయే సంభావ్యత 0.60 అన్నాం. అదే పేరు రెండిళ్ళకు ఉంటే? రెండిళ్ళూ పోవాలి కాబట్టి 0.60 × 0.60 = 0.36. పది ఇళ్ళుంటే 0.60ను పదిసార్లు గుణించాలి. వెయ్యింట ఆరు మాత్రమే వస్తుంది. కనుక ప్రమాదమంతా అరుదైన పేర్లకే.

ఈ ప్రమాదం మనకూ దగ్గరగానే ఉంది. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కో స్త్రీకి పుట్టే పిల్లల సగటు 1.7. అంటే కొడుకుల సగటు ఒకటి కన్న తక్కువ. ఇదే పరిస్థితి కొనసాగితే ఒంటరి ఇంటిపేర్లు నాణాల ఆటలోకన్న వేగంగా తగ్గిపోతాయి.

ఇతర దేశాల అనుభవం కూడా ఇలాగే ఉంది. చైనాలో ఇంటిపేర్లు వేల ఏళ్ళ నాటివి. 140 కోట్ల జనాభాకు నేడు వాడుకలో ఉన్నవి కొన్ని వేలు మాత్రమే. 'వాంగ్' అనే ఒక్క ఇంటిపేరే 10 కోట్ల మందికి పైగా ఉంది. జపానులో ప్రజలందరూ ఇంటిపేరు పెట్టుకోవాలని చట్టం వచ్చింది 1875లోనే. ఆ పేర్లకు ఇంకా వయసు రాలేదు. అందుకే అక్కడ లక్షకు పైగా రకాలున్నాయి.

ఈ లెక్క ఇంటిపేర్లతోనే ఆగలేదు. జె.బి.ఎస్. హాల్డేన్ 1927లో ఇదే పద్ధతిని జన్యువులకు వర్తింపజేశాడు. నూటికి ఒక వంతు మేలు చేసే కొత్త జన్యువు ఒక్క ప్రాణిలో పుడితే, అది నిలిచే అవకాశం నూటికి రెండు వంతులే అని చూపించాడు. ఈ హాల్డేనే 1957లో మన దేశానికి వచ్చి, చివరిదాకా ఇక్కడే పనిచేశాడు.

పేరు పోతే మనుషులు పోయినట్టేనా?

పేరు నిలబెట్టడానికి మనుషులు కొన్ని మార్గాలు కనిపెట్టారు. దత్తత అందులో ఒకటి. 1910లో విశాఖపట్నంలో పుట్టిన మహాకవి శ్రీశ్రీ పుట్టింటి పేరు పూడిపెద్ది. దత్తత వల్ల ఆయన శ్రీరంగం శ్రీనివాసరావు అయ్యారు. ఆ దత్తతే లేకపోతే రెండు 'శ్రీ'లు కలిసేవి కావు!

రెండో మార్గం ఇంకా తేలిక. ఈ లెక్కంతా కూతురి దగ్గర పేరు ఆగిపోతుందన్న నియమం మీద నడిచింది. ఆ నియమం ప్రకృతిది కాదు, మనం పెట్టుకున్నది. కూతురు కూడా ఇంటిపేరును తన పిల్లలకు అందిస్తే సమీకరణమే మారిపోతుంది.

ఇప్పుడు మన కుర్రవాడి దగ్గరకు వద్దాం. పిల్లలు లేని ఇల్లు ఆగిపోయిన మాట నిజమే. కాని ఆడపిల్లలే పుట్టిన ఆ రెండిళ్ళూ? ఆ ఆడపిల్లలకు పిల్లలు, మనవలు ఉండే ఉంటారు. ఇదే పూర్ణా మార్కెట్టులో, వేరే ఇంటిపేరున్న బోర్డు కింద, వాడి బంధువే వంకాయలు తూస్తూ ఉండవచ్చు. అంతరించింది ఒక మాట, మనుషులు కాదు. అయితే ఆ మాటలో ఒక పాత ఊరి జాడ దాగి ఉంటుంది. కాకర్ల అన్న ఇంటిపేరు కాకర్ల గ్రామాన్ని, కావేరి ఒడ్డున తిరువయ్యారులో జీవించిన త్యాగరాజస్వామిని ఇప్పటికీ కలుపుతున్నది. అందుకే ఒక అరుదైన పేరు పోకముందే దాన్ని పూర్తిగా రాసి ఉంచడం మంచిది.

చేసి చూడండి

1. ఇద్దరు ముగ్గురు స్నేహితులు కలిసి మీ ఊరి మార్కెట్టులో వంద కొట్ల యజమానుల ఇంటిపేర్లు సేకరించండి. బోర్డు మీద ఒక్క అక్షరమే ఉంటే, "మీ ఇంటిపేరు ఏమిటండీ?" అని మర్యాదగా అడగండి. చెప్పడం ఇష్టం లేనివారిని ఒత్తిడి చేయవద్దు. ఒక్కసారే వచ్చిన పేర్లెన్ని, అయిదుసార్లకు మించి వచ్చినవెన్ని?

2. వాటిలో ఊరి పేరు నుంచి పుట్టినవి ఏవి? 'ఊరి', 'పాటి' వంటి చివరలను బట్టి పోల్చండి.

3. మీ అమ్మమ్మ, నాయనమ్మల పుట్టింటి పేర్లు అడిగి తెలుసుకోండి. ఆ పేర్లు నేడు ఎన్ని ఇళ్ళకు ఉన్నాయో వాళ్ళనే అడగండి.

4. ఇంటికి ముగ్గురు పిల్లలుండే చోట ఒక పేరు రెండిళ్ళకు ఉంటే, అది ఎప్పటికైనా అంతరించే సంభావ్యత ఎంత? (జవాబు: 0.236 × 0.236, అంటే సుమారు 0.056.)