బోర్డు ల్యాబ్‌లో, విద్యార్థి ఇంట్లో: దూరం నుంచి ఎఫ్‌పీజీఏ పాఠం



ఇంటర్ ఎంపీసీ తర్వాత ఈసీఈ తీసుకోవాలనుకునే పిల్లల ఇళ్లలో ఈమధ్య 'చిప్ డిజైన్' అనే మాట బాగా వినిపిస్తోంది. దాని వెనకే ఖర్చు మాట కూడా వస్తోంది. ఎఫ్‌పీజీఏ బోర్డు కొనాలని ఒకరు, ఖరీదైన ల్యాప్‌టాప్ లేకపోతే కుదరదని ఇంకొకరు, హైదరాబాద్ వెళ్తేనే నేర్చుకోగలరని మరొకరు చెబుతుంటారు. నాగాయలంకలోనో కోడూరులోనో ఉన్న తల్లిదండ్రులకు "మా అమ్మాయికి ఇవన్నీ అందేనా?" అన్న బెంగ కలగడం సహజం.

అందుతాయి. బోర్డు ఇంట్లోనే ఉండాలన్న నియమం లేదు. అది గుడివాడ దగ్గర ఒక కాలేజీ ల్యాబ్‌లో ఉన్నా, హైదరాబాద్‌లో ఉన్నా, దివిసీమలో ఇంట్లో కూర్చున్న విద్యార్థి దానితో పనిచేయించవచ్చు. అది ఎలా జరుగుతుందో మీకు కొంత తెలిస్తే, రేపు కాలేజీ ఎంపిక చేసేటప్పుడు ఏం అడగాలో, దేనికి డబ్బు పెట్టాలో, దేనికి పెట్టనక్కర్లేదో మీకే తెలుస్తుంది.

ముందుగా మేడ మెట్ల లైటు

మెట్ల దగ్గర లైటుకు కింద ఒక స్విచ్, పైన ఒక స్విచ్ ఉంటాయి. ఏది నొక్కినా లైటు స్థితి మారుతుంది. స్విచ్ ఒక వైపు ఉంటే 0 అని, రెండో వైపు ఉంటే 1 అని రాసుకుందాం. రెండూ 0 అయితే లైటు ఆరి ఉంటుంది. ఏదో ఒకటి మాత్రమే 1 అయితే వెలుగుతుంది. రెండూ 1 అయితే మళ్లీ ఆరిపోతుంది. నాలుగు వరుసల పట్టికలో జవాబులు 0, 1, 1, 0.

ఈ నాలుగు జవాబులను ఒక చిన్న మెమరీలో దాచి, స్విచ్‌లను బట్టి సరైన జవాబును బయటికి ఇచ్చే ఏర్పాటు చేస్తే అదే 'లుక్-అప్ టేబుల్'. ఎఫ్‌పీజీఏ చిప్ నిండా ఉండేవి ముఖ్యంగా ఇలాంటి పట్టికలే. కాలేజీల్లో ఎక్కువగా కనిపించే బేసిస్ 3 బోర్డునే తీసుకోండి. దాని మీదున్న ఆర్టిక్స్-7 చిప్‌లో ఇవి 20,800 ఉంటాయి. ఒక్కొక్కటి ఆరు స్విచ్‌ల వరకు చూడగలదు, అంటే ఒక్కొక్క పట్టికలో 64 జవాబులు.

ఎఫ్‌పీజీఏ ప్రత్యేకత ఏమిటి?

మామూలు చిప్ పెడన కలంకారీ అచ్చు లాంటిది. చెక్క మీద ఒకసారి పువ్వు చెక్కాక అది పువ్వుగానే ఉంటుంది. నెమలి కావాలంటే కొత్త అచ్చు చెక్కించాలి. ఎఫ్‌పీజీఏ అలా కాదు. ఈరోజు గడియారంలా పనిచేసిన చిప్‌నే రేపు ట్రాఫిక్ లైటు నడిపే సర్క్యూట్‌గా మార్చవచ్చు.

మన పొలాల్లో బోదెలు, తూములు చూసినవారికి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. బోదెలు ముందే తవ్వి ఉంటాయి. ఏ తూము ఎత్తారో, ఏది మూశారో అన్నదాన్ని బట్టి ఏ చేనుకు నీరు వెళ్లాలో తేలుతుంది. చిప్‌లో కూడా పట్టికలు, వాటి మధ్య దారులు ముందే ఉంటాయి. ఏ దారి తెరవాలి, ఏ పట్టికలో ఏ జవాబులు ఉండాలి అని చెప్పే జాబితా పేరు 'బిట్‌స్ట్రీమ్'. పైన చెప్పిన చిప్‌కు ఆ జాబితాలో సుమారు 1 కోటి 75 లక్షల బిట్లు ఉంటాయి. వినడానికి పెద్దగా ఉన్నా, ఫైలుగా చూస్తే దాదాపు 2.2 ఎంబీ, అంటే ఫోన్‌లో తీసిన ఒక ఫొటోకి అటూఇటూ. అందుకే మామూలు నెట్ కనెక్షన్‌తో కూడా ఈ పని సాగుతుంది.

ఇంకో సంగతి. ఈ అమరిక కరెంటు ఉన్నంతసేపే చిప్‌లో నిలుస్తుంది. కరెంటు పోతే చెరిగిపోతుంది. తిరిగి కరెంటు రాగానే దానంతటదే అమరాలంటే బిట్‌స్ట్రీమ్‌ను బోర్డు మీది ఫ్లాష్ మెమరీలో కూడా దాచాలి.

ఇంటి నుంచి బోర్డు దాకా

మీ అమ్మాయి అవనిగడ్డలో ఉందని, బోర్డు గుడివాడ దగ్గర కాలేజీ ల్యాబ్‌లో ఉందని అనుకోండి. బోర్డు యూఎస్‌బీ కేబుల్‌తో ల్యాబ్ కంప్యూటర్‌కు కలిపి ఉంటుంది. పని ఈ వరుసలో సాగుతుంది.

ఒకటి, రాయడం. సర్క్యూట్ ఎలా ప్రవర్తించాలో వెరిలాగ్ లేదా వీహెచ్‌డీఎల్ భాషలో రాస్తుంది.

రెండు, సిమ్యులేషన్. బోర్డు లేకుండానే కంప్యూటర్‌లో పరీక్షిస్తుంది. తప్పుల్లో చాలావాటిని ఇక్కడే పట్టుకోవచ్చు. దీనికి ల్యాబ్ అక్కర్లేదు, నెట్ అక్కర్లేదు.

మూడు, బిట్‌స్ట్రీమ్ తయారీ. వివాడో అనే సాఫ్ట్‌వేర్ ఆ రాతను పట్టికలుగా, దారులుగా మార్చుతుంది. ఏ సంకేతం చిప్‌లోని ఏ కాలికి వెళ్లాలో చెప్పే ఫైలు కూడా ఇక్కడే ఇవ్వాలి. దీని ఉచిత వెర్షన్ సరిపోతుంది గానీ, ఇన్‌స్టాల్ చేయడానికి పదుల జీబీల చోటు కావాలి. ఇంట్లో పాత ల్యాప్‌టాప్ మాత్రమే ఉంటే, ల్యాబ్ కంప్యూటర్ స్క్రీన్‌నే రిమోట్ డెస్క్‌టాప్‌లో తెరిచి అక్కడే చేయించవచ్చు. అప్పుడు బరువంతా ల్యాబ్ కంప్యూటర్ మోస్తుంది.

నాలుగు, కనెక్ట్ కావడం. ల్యాబ్ కంప్యూటర్‌లో 'హార్డ్‌వేర్ సర్వర్' అనే చిన్న ప్రోగ్రామ్ నడుస్తుంటుంది. వివాడోలో అది మామూలుగా 3121 నంబరు పోర్టు దగ్గర ఎదురుచూస్తుంది. ఇంట్లోని సాఫ్ట్‌వేర్ ఆ పోర్టుకు చేరగానే, జేట్యాగ్ అనే తీగల వరుస ద్వారా చిప్‌ను పలకరిస్తుంది. చిప్ తన గుర్తింపు సంఖ్య చెబుతుంది. అది కనిపిస్తే దారి సరిగ్గా ఉన్నట్టే.

ఐదు, పంపడం. బిట్‌స్ట్రీమ్ చిప్‌లోకి చేరాక బోర్డు మీద 'డన్' అనే చిన్న లైటు వెలుగుతుంది.

నాలుగో మెట్టులో ఒక జాగ్రత్త ఉంది. హార్డ్‌వేర్ సర్వర్ తనంతట తాను పాస్‌వర్డ్ అడగదు. ఆ పోర్టును నేరుగా ఇంటర్నెట్‌కు తెరిచి పెడితే వీధి తలుపు తీసిపెట్టినట్టే, ఎవరైనా వచ్చి బోర్డును మార్చేయవచ్చు. అందుకే కాలేజీలు వీపీఎన్ ద్వారా గానీ, ఎస్ఎస్‌హెచ్ టన్నెల్ ద్వారా గానీ మాత్రమే లోపలికి రానివ్వాలి. మొదట గేటు దగ్గర విద్యార్థి ఎవరో తేలాలి, ఆ తర్వాతే ల్యాబ్ తలుపు తెరుచుకోవాలి.

కరెంటు కోతల సంగతి మనకు తెలిసిందే. మీ ఇంట్లో కరెంటు పోతే బోర్డుకు ఏమీ కాదు, అక్కడ దాని పని అది చేసుకుంటూనే ఉంటుంది. ల్యాబ్‌లో పోతే మాత్రం మళ్లీ పంపాలి.

కళ్లెదుట లేనిదాన్ని నమ్మడం ఎలా?

అసలు పాఠం ఇక్కడుంది. బోర్డు ముందున్నప్పుడు పిల్లలు "లైటు వెలుగుతోంది కాబట్టి సరే" అనుకుని ముందుకు వెళ్తారు. దూరంగా ఉన్నప్పుడు అలా కుదరదు. ఏం జరగాలో ముందే కాగితం మీద రాసుకుని, తర్వాత చూడాలి.

ఉదాహరణకు బేసిస్ 3లో గడియారపు సంకేతం సెకనుకు 10 కోట్ల సార్లు కొట్టుకుంటుంది. దాన్ని 27 బిట్ల కౌంటర్‌తో లెక్కించి, చివరి బిట్‌ను లైటుకు ఇచ్చామనుకోండి. 2ను 27 సార్లు గుణిస్తే 13,42,17,728. దాన్ని 10 కోట్లతో భాగిస్తే 1.34 సెకన్లు. అంటే లైటు నిమిషానికి దాదాపు 45 సార్లు మిణకాలి. ల్యాబ్‌లోని వెబ్‌క్యామ్‌లో చూస్తూ లెక్కిస్తే 22 మాత్రమే వచ్చాయనుకోండి. కౌంటర్‌లో ఒక బిట్ ఎక్కువైంది. 90కి దగ్గరగా వస్తే ఒకటి తగ్గింది. ముందే 45 అని రాసుకోని విద్యార్థికి ఈ రెండు తప్పులూ కనిపించవు. ఆ అమ్మాయికి లైటు మిణుకుతూనే ఉంటుంది, పని అయిపోయినట్టే ఉంటుంది.

కెమెరాకు కూడా హద్దు ఉంది. 21 బిట్ల కౌంటర్ అయితే లైటు సెకనుకు సుమారు 48 సార్లు మిణుకుతుంది. సెకనుకు 30 బొమ్మలు తీసే వెబ్‌క్యామ్‌లో అది ఆగకుండా వెలుగుతున్నట్టో, తప్పుడు వేగంతో మిణుకుతున్నట్టో కనిపిస్తుంది. ఇలాంటప్పుడు చిప్ లోపలే 'లాజిక్ అనలైజర్' అమర్చి, సంకేతాలను రికార్డు చేసి ఇంటి స్క్రీన్ మీద చూడవచ్చు. దూరం నుంచి స్విచ్ నొక్కడానికి వేలు లేదు కాబట్టి, స్క్రీన్ మీద కనిపించే వర్చువల్ స్విచ్‌లు ఆ పని చేస్తాయి.

ఇది కొత్త ప్రయోగం కాదు

2020లో కోవిడ్ వల్ల ప్రపంచమంతా ల్యాబ్‌లు మూతపడ్డాయి. ఆ సమయంలో సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయం, స్పెయిన్‌లో పుట్టిన ల్యాబ్స్‌ల్యాండ్ సంస్థ ద్వారా తన విద్యార్థులకు నిజమైన ఎఫ్‌పీజీఏ బోర్డులను ఇళ్ల నుంచే అందించింది. అమెజాన్ అయితే 2016లోనే తన క్లౌడ్‌లో ఎఫ్‌పీజీఏలను అద్దెకు ఇస్తామని ప్రకటించింది.

మన దేశంలో కేంద్ర విద్యాశాఖ వర్చువల్ ల్యాబ్స్ పథకంలో ఐఐటీలతో పాటు హైదరాబాద్ ట్రిపుల్ఐటీ కూడా ఉంది. వాటిలో ఎక్కువ ప్రయోగాలు సిమ్యులేషన్లే. 'చిప్స్ టు స్టార్టప్' కార్యక్రమం 85,000 మంది చిప్ డిజైన్ ఇంజినీర్లను తయారుచేయాలన్న లక్ష్యంతో నడుస్తోంది. అందులో బెంగళూరు సీడాక్‌లోని చిప్‌ఇన్ కేంద్రం, ఖరీదైన డిజైన్ సాఫ్ట్‌వేర్‌ను ఎంపికైన కాలేజీలకు దూరం నుంచే అందిస్తోంది.

ఎలక్ట్రానిక్స్ మన ప్రాంతానికి కొత్తది కాదు. 1926లో బందరులో మొదలైన ఆంధ్ర సైంటిఫిక్ కంపెనీ 1983లో బీఈఎల్‌లో కలిసింది. రాత్రిపూట చూసే పరికరాలు ఇక్కడే తయారవుతున్నాయి. కెమెరా బొమ్మలను క్షణంలో శుద్ధి చేయడం, రాడార్ సంకేతాలను విశ్లేషించడం వంటి పనులకు ప్రపంచమంతటా ఎఫ్‌పీజీఏలు వాడతారు. మన పిల్లలు నేర్చుకుంటే పనికొచ్చే చోట్లు మరీ దూరంలో లేవు.

దూరం నుంచి నేర్చుకోలేనివి

అన్నీ ఇంటి నుంచే వస్తాయని చెప్పడం నిజం కాదు. టంకం పెట్టడం, వదులైన వైరును చేత్తో కనిపెట్టడం, మల్టీమీటర్, ఆసిలోస్కోప్ పట్టడం, వేడెక్కిన భాగాన్ని వాసనతో గుర్తించడం ల్యాబ్‌లో నిలబడే నేర్చుకోవాలి. దూరపు బోర్డు ల్యాబ్‌కు బదులు కాదు. ల్యాబ్ గంట ముగిశాక, బస్సు ఎక్కి ఇంటికి వచ్చాక, రాత్రి తొమ్మిదికి వచ్చిన సందేహాన్ని అప్పుడే తీర్చుకోనిచ్చే అవకాశం అది.

కాలేజీలో చేరేముందు ఇవి అడగండి

• దూరం నుంచి వాడేది నిజమైన బోర్డా, సిమ్యులేషనా? రెండూ మంచివే, కానీ రెండూ ఒకటి కాదు.
• ఎంతమందికి ఎన్ని బోర్డులు? స్లాట్ ముందుగా బుక్ చేసుకునే పద్ధతి ఉందా? ఒకరి పని మధ్యలో ఇంకొకరు బోర్డును మార్చేయకుండా ఏం చేస్తారు?
• కాలేజీ వేళల తర్వాత, సెలవు రోజుల్లో కూడా అందుతుందా?
• బోర్డు స్పందించకపోతే దూరం నుంచే కరెంటు ఆపి, తిరిగి ఇచ్చే ఏర్పాటు ఉందా? లేకపోతే సోమవారం దాకా ఆగాలా?
• వీపీఎన్ వంటి భద్రత ఉందా? ప్రతి విద్యార్థికీ విడి లాగిన్ ఇస్తారా?
• ల్యాబ్‌లో చేత్తో చేసే పని వారానికి ఎన్ని గంటలు?

వీటికి సూటిగా జవాబు చెప్పే కాలేజీలో మీ ఫీజుకు విలువ ఉంటుంది. స్కూల్లో చదువుతున్న పిల్లలకు ఇప్పుడే వేల రూపాయలు పెట్టి బోర్డు కొనాల్సిన అవసరం లేదు. తొమ్మిది నుంచి పన్నెండో తరగతి వరకు సైన్స్ ప్రయోగాలకు అమృత విశ్వ విద్యాపీఠం, సీడాక్ ముంబై కలిసి రూపొందించిన ఓల్యాబ్స్ ఉంది. ముందు అది చేయించండి.

ఈ నెల ఇంట్లో చేయించండి

మూడంతస్తుల ఇంట్లో మెట్ల లైటుకు మూడు స్విచ్‌లు. ఏది నొక్కినా లైటు మారాలి. ఎనిమిది వరుసల పట్టిక రాయమనండి. బేసి సంఖ్యలో స్విచ్‌లు 1గా ఉన్న వరుసల్లో మాత్రమే లైటు వెలిగితే జవాబు సరైనదే.

తర్వాత 26 బిట్ల కౌంటర్ అయితే లైటు నిమిషానికి ఎన్నిసార్లు మిణుకుతుందో కాగితం మీద లెక్క కట్టించండి. జవాబు చెప్పేముందు, "ఎంత వస్తుందనుకుంటున్నావు?" అని ఒక్కసారి అడగండి. ముందు అంచనా రాసుకుని తర్వాత సరిచూసుకునే అలవాటు పడిన పిల్లలకు బోర్డు ఎంత దూరంలో ఉన్నా ఇబ్బంది ఉండదు.