విధేయత - వివేకము

కామారెడ్డి జిల్లా నాగిరెడ్డిపేట మండలమున పోచారము జలాశయము కలదు. నిజాము ప్రభుత్వకాలమున ఆలేరు వాగునకు అడ్డముగా కట్టిన ఆ ఆనకట్ట 1922వ సంవత్సరమున పూర్తియైనది. నూరేండ్లు దాటినను ఆ నీరు నేటికిని పరిసర గ్రామముల పొలములను తడుపుచున్నది.

తెలంగాణ పల్లెలలో చెరువుల క్రింద నీరటి యను గ్రామసేవకుడు ఉండెడివాడు. తూము తెరచుట, మూయుట, వంతు తప్పక మడిమడికిని నీరు పారించుట అతని పని. అతడు ధనికుడు కాడు. నీటికి యజమానియు కాడు. అయినను పెద్ద రైతు సైతము అతని మాటకు లోబడి తన వంతు వచ్చువరకు వేచియుండవలెను. ఏలయనగా, ఆ మాటవలననే కాలువ చివరనున్న పేదవాని మడికిని నీరందును. అతడే వంతు తప్పించి తనవారికి నీరు విడిచినచో ఆ మాటకు విలువ యుండదు. అధికారము ఒకరి సొత్తు కాదు; ధర్మము ఒకరి చేతికిచ్చిన తాళపుచెవి మాత్రమే.

“పెద్దల మాట వినుము” అని మనము పిల్లలకు బోధింతుము. వినవలసినదే. కాని ఎవరి మాట, ఎంతవరకు వినవలెనన్నది విచారింపదగిన విషయము.

మొదట జ్ఞానమును గూర్చి. ప్రత్యక్షము, అనుమానము, శబ్దము అని మన ఆచార్యులు మూడు ప్రమాణములను అంగీకరించిరి. అయితే పెద్దవాడు పలికిన ప్రతి మాటయు ప్రమాణము కాదు. విషయమును ఉన్నదున్నట్లెరిగి, ఎరిగినదానిని దాచక చెప్పువాడే ఆప్తుడని న్యాయశాస్త్రము నిర్ణయించినది. గీత నాల్గవ అధ్యాయమున భగవానుడు జ్ఞానార్థికి నమస్కారము, ప్రశ్న, సేవ అను మూడింటిని విధించెను. నమస్కారము లేని ప్రశ్న అహంకారము. ప్రశ్న లేని నమస్కారము సోమరితనము. పదునెనిమిదవ అధ్యాయమున, బాగుగా విమర్శించి ఇచ్ఛవచ్చినట్లు చేయుమని అర్జునునితో చెప్పిన తరువాతనే శరణాగతిని బోధించు చరమశ్లోకము వచ్చినది. విచారించిన పిమ్మట చేసిన శరణాగతియే దృఢమైనది.

భగవద్రామానుజుల చరిత్రము ఇందుకు నిదర్శనము. వారు గోష్ఠీపూర్ణుల సన్నిధికి పదునెనిమిది మార్లు వెళ్ళి రహస్యార్థమును పొందిరని గురుపరంపర చెప్పుచున్నది. ఇతరులకు తెలుపరాదను ఆజ్ఞను దాటి, తిరుక్కోట్టియూరు ఆలయముపై నిలిచి భక్తులకు ఉపదేశించిరి. నరకము తప్పదని గురువు కోపించగా, ఇందరు తరించినచో తమకు నరకమును సమ్మతమేయని విన్నవించిరి. ఆ దయకు గురువు కరగి వారిని ఆలింగనము చేసికొనిరి. ఆజ్ఞను దాటినది స్వలాభమునకు కాదు. శిక్షను తప్పించుకొనుటకు ప్రయత్నింపలేదు. గురువు గొప్పతనమును కాదనలేదు. ఇట్టి అతిక్రమణము అవిధేయత కాజాలదు.

ఇక రాజశాసనము. గోల్కొండ తానాషా కాలమున పాల్వంచ పరగణాకు తహసీలుదారైన కంచెర్ల గోపన్న, శిస్తు ధనమును భద్రాచల రామాలయమునకు వ్యయపరచెను. భక్తి గొప్పదే, కాని ఆ ధనము సర్కారుకు చేరవలసినది. గోపన్న పండ్రెండేండ్లు చెరసాలలో మగ్గెనని జనశ్రుతి. రామలక్ష్మణులు స్వయముగా వచ్చి బాకీ చెల్లించి రసీదు పొందిరని భక్తులు చెప్పుకొందురు. ఈ కథలోని మర్మమును గమనింపుడు. భగవంతుడు చెరసాల గోడలు కూల్చలేదు, లెక్క కొట్టివేయుమని శాసింపలేదు; బాకీ తీర్చెను. భక్తి పేరిట పరుల ధనము వాడుకొనుటకు ఈ కథ అనుమతి కాదు.

సంఘమున పెద్దరికమును విచారింతము. రామానుజులు బ్రాహ్మణేతరులైన కాంచీపూర్ణులను గురువుగా భావించి, వారి భుక్తశేషమును కోరిరి. పెద్దరికమునకు వారు గైకొన్న కొలత జన్మము కాదు, భగవద్భక్తి. ఈ కొలతను మనమును పట్టవలెను. ఉమ్మడి నిజామాబాదు జిల్లా పల్లెలలో గ్రామాభివృద్ధి కమిటీల పేరిట కొన్ని కుటుంబములను వెలివేసిన వార్తలు పత్రికలలో పలుమార్లు వచ్చినవి. ఊరంతయు కలిసి చెప్పినంతమాత్రమున ఆ మాట ధర్మము కాదు. పొరుగింటితో మాటాడరాదు, వారికి సరకు అమ్మరాదు అని ఆజ్ఞాపించు పెద్ద, వంతు తప్పించిన నీరటితో సమానుడు. అట్టి మాటకు తల వంచుట వినయము కాదు, భయము.

కావున ఆజ్ఞ వినిన ప్రతిసారియు రెండు ప్రశ్నలు వేసికొందము. ఆజ్ఞాపించువాడు తాను ధర్మమునకు లోబడి యున్నాడా? నేను కాదనునపుడు పరహితమును కోరి, ఫలమును నా శిరసున మోయుటకు సిద్ధముగా నున్నానా? మొదటిదానికి ఔనని తోచినచో సంతోషముతో లోబడుదము. కాదని తోచినచో రెండవదానిని మరువక, చేతులు జోడించియే నిలువబడి కాదందము. ఇంటి యందు పెద్దలమైన మనము పిల్లల ప్రశ్నను ఓర్పుతో వినుటయు ఈ ధర్మములోనిదే. సర్వేశ్వరుడే అర్జునుని ప్రశ్నలను ఓర్పుతో వినెను గదా!