కొత్త చెల్లెలికి పని నేర్పుదాం



ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003లో బడి పిల్లలకు మధ్యాహ్న భోజనం మొదలైంది. చాలా ఊళ్లలో మహిళా సంఘాల వాళ్లే ఆ వంట చేస్తున్నారు. ఇది అలాంటి ఒక వంటగది కథ.

జూన్ నెల. బడి తెరిచారు. ఈ ఏడు పిల్లలు 120 మంది అయ్యారు. కేంద్ర ప్రభుత్వం లెక్క ప్రకారం 26 నుంచి వంద మంది పిల్లల వరకు వంటకు ఇద్దరు. వంద దాటితే మూడో మనిషి. అలా ఒక చెల్లెలు కొత్తగా పనిలో చేరింది.

మొదటి రోజు అంతా హడావుడి.

"బియ్యం కడిగి ఎసట్లో పొయ్యి" అన్నారు.

ఎన్ని బియ్యం? ఎవరూ చెప్పలేదు. ఆమె అడగలేదు. "ఇంట్లో వంట చెయ్యవా? ఇది కూడా తెలీదా?" అంటారేమోనని భయం. తోచినన్ని పోసింది.

ఆ రోజు అన్నం చాలలేదు. చివరి వరుస పిల్లలు సగం కడుపుతో లేచారు. అందరూ కొత్త చెల్లెలినే తిట్టారు. ఆమె కళ్ల నీళ్లు పెట్టుకుంది. "రేపటి నుంచి నేను రాను" అంది.

అప్పుడు పెద్దక్క అడ్డు వచ్చింది.

"తప్పు ఈమెది కాదు, మనది. నలుగురికి వండడం వేరు. నూట ఇరవై మందికి వండడం వేరు. మనం నేర్పామా?"

మర్నాడు పెద్దక్క కొత్త చెల్లెలిని పక్కన పెట్టుకుంది.

"ముందు హాజరు అడగాలి చెల్లీ. ఎంతమంది వచ్చారో అంతమందికే వండాలి. 1 నుంచి 5 తరగతుల పిల్లలకు తలకు 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు. 120 మంది వస్తే ఎంత?"

చెల్లెలు పలక మీద లెక్క వేసింది. బియ్యం 12 కిలోలు. పప్పు 2 కిలోల 400 గ్రాములు. కూరగాయలు 6 కిలోలు.

పెద్దక్క మూడు పద్ధతుల్లో పని నేర్పింది.

మొదట తాను చేస్తూ చూపించింది.
తర్వాత ఇద్దరూ కలిసి చేశారు.
ఆ తర్వాత చెల్లెలు చేస్తుంటే తాను పక్కన నిలబడి చూసింది.

ఇంకా ఈ సంగతులు చెప్పింది.

సబ్బుతో చేతులు కడుక్కోవాలి. జుట్టు ముడి వేసి గుడ్డ కట్టుకోవాలి.
వేడి గిన్నె ఒక్కరే ఎత్తకూడదు. ఇద్దరు పట్టుకోవాలి.
పని అయ్యాక గ్యాస్ కట్టెయ్యాలి.
విరేచనాలు అవుతుంటే వంటకు రాకూడదు. ముందే కబురు చెయ్యాలి.
వడ్డించే ముందు టీచరు రుచి చూడాలి.

గౌరవ వేతనం ఎంతో, బ్యాంకు ఖాతాలో ఎలా పడుతుందో కూడా చెప్పింది. డబ్బు సంగతి కొత్తవాళ్లు సిగ్గుపడి అడగరు. మనమే చెప్పాలి.

చివరికి ఒక ముఖ్యమైన మాట చెప్పింది.

"2013 జూలై 16న బీహారులో ఘోరం జరిగింది. సారణ్ జిల్లాలో ఒక బడిలో అన్నం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంట నూనెలో పురుగుమందు ఉందని పరీక్షలో తేలింది. నూనె తేడాగా ఉందని వంటామె ముందే చెప్పిందట. ఆ మాట ఎవరూ వినలేదని అప్పట్లో పత్రికలు రాశాయి. అందుకే చెల్లీ, నీకు ఏది తేడాగా అనిపించినా చెప్పు. నువ్వు కొత్త అని ఊరుకోకు. మేం వింటాం."

మూడు వారాలు గడిచాయి. ఒకరోజు చెల్లెలు పప్పు మూట విప్పి ఆగింది.

"అక్కా, ఈ పప్పు ముక్క వాసన వస్తోంది."

పెద్దక్క వచ్చి చూసింది. అడుగున పప్పు చెమ్మెక్కి బూజు పట్టింది. వెంటనే హెడ్మాస్టరు గారికి చూపించారు. ఆ మూట పక్కన పెట్టేశారు. వేరే పప్పు తెప్పించి వండారు. భోజనం అరగంట ఆలస్యమైంది. కానీ చెల్లెలిని ఎవరూ విసుక్కోలేదు. "మంచి పని చేశావు" అన్నారు.

అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. కానీ కొత్త మనిషి భయంతో అడగదు. పాత మనిషే ముందుగా పలకరించాలి. "తెలిసిందా?" అంటే అందరూ తల ఊపుతారు. "ఏదీ, చేసి చూపించు" అనాలి. అప్పుడే నేర్చుకుందో లేదో తెలుస్తుంది.

వంటగది అయినా, అంగన్‌వాడీ అయినా, కుట్టు కేంద్రం అయినా పద్ధతి ఇదే. తిడితే మనిషి పోతుంది. నేర్పితే మనకు తోడు దొరుకుతుంది.

చదివారు కదా! జవాబులు చెప్పండి.

1. మొదటి రోజు అన్నం ఎందుకు చాలలేదు?
2. పెద్దక్క పని నేర్పిన మూడు పద్ధతులు ఏవి?
3. 60 మంది పిల్లలు వస్తే బియ్యం ఎంత? పప్పు ఎంత?

రాయండి.

మీరు మొదటిసారి కూలికో, పనికో వెళ్లిన రోజు గుర్తుందా? ఆ రోజు మీకు ఎవరు పని చూపించారు? నాలుగు వాక్యాలు రాయండి. మీ కేంద్రంలో అందరికీ చదివి వినిపించండి.