చదువుదాం: కాగితంలో పేరు, పెద్దల దగ్గర కథ

పిల్లలూ! 1901 చట్టం వచ్చాక, ఆస్ట్రేలియాలో ఉన్న భారతీయులు సొంత ఊరికి వెళ్ళి తిరిగి రావాలంటే ముందే ఒక సర్టిఫికెట్ తీసుకోవాల్సి వచ్చేది. లేకపోతే డిక్టేషన్ పరీక్ష పెట్టి వెనక్కి పంపేయగలిగేవారు. సర్టిఫికెట్ మీద ఫోటో, అరచేతి ముద్ర ఉండేవి. అలాంటివి చాలా ఇప్పుడు నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి.

పేర్లు మాత్రం అధికారులు తమకు వినిపించినట్టు రాశారు. అందుకని ఒక్కరే కంప్యూటర్‌లో వెతికితే దొరక్కపోవచ్చు. "ఈ పేరు ఇంకెలా రాసి ఉంటారు?" అని అక్కడి ఉద్యోగులను అడగాలి. ఆ కుటుంబాల పెద్దవాళ్ళనూ అడగాలి. కాగితం చెప్పని కథ వాళ్ళు చెప్తారు. మీకు దొరికింది వాళ్ళకు చూపించడం మర్చిపోకండి.

ఇంటిపని: మనకు ఇంటిపేరు ముందు వస్తుంది, ఇక్కడ చివర వస్తుంది. మీ అమ్మమ్మ పేరు పాస్‌పోర్టులో ఎలా ఉంది? అడిగి రాయండి.