చెప్పుకునేదానికి మనుషులుండాల

పాకాల,
ఆదివారం

అమ్మణ్ణీ,

నిన్న సాయంత్రం గాలీ వానా గట్టిగా వచ్చినాయి. బెంగుళూరా మామిడికాయలు ఇంకా సగం చెట్లమీదే ఉండాయి, రాలిపోతాయేమోనని మీ పెదనాయన రాత్రంతా కన్ను మూయలేదు. ఫ్యాక్టరీవాళ్లు ఈసారి ఏం రేటు ఇస్తారో ఇంకా తేల్చలేదు. మీ అమ్మ కాణిపాకం పోయి నీ పేరుతో అర్చన చేయించుకొచ్చింది.

ఫోన్లో మాట్లాడొచ్చు కదా, ఉత్తరం ఎందుకని అనుకుంటావు. ఫోన్లో నువ్వు "బానే ఉండా పెద్దమ్మా" అంటావు. ఆ తర్వాత నాకు ఇంక మాట రాదు. కాగితం మీదైతే నువ్వు మధ్యలో అడ్డం రాలేవు.

నీకు లూపస్ అని రాయవేలూరు ఆస్పత్రిలో తేల్చి చెప్పిన రోజు నేను నీతో ఒక మాట అన్నా. "ఈ సంగతి మన నలుగురి మధ్యనే ఉండనీ, బయట ఎవరికీ చెప్పొద్దు" అని. ఇరవై మూడేండ్ల బిడ్డవి, పెండ్లి కావలసినదానివి, ఊర్లో నోళ్లు ఎట్లాంటివో నాకు తెలుసు. ఆ భయంతో అన్నా. తప్పు మాట అది. నువ్వేమో దాన్ని ఇప్పటికీ అట్లే పట్టుకుని ఉండావని మొన్న మీ అమ్మ చెప్పింది. పీజీలో నీ గదిలో ఉండే అమ్మాయికి కూడా చెప్పలేదంట. మాత్రలు బాత్రూములోకి తీసుకుపోయి మింగుతావంట. పొద్దున కీళ్లు బిగుసుకుని లేవలేని రోజు రాత్రి సినిమాకు పోయి ఆలస్యమైందని అబద్ధం చెప్తావంట. ఎవరి దగ్గర నేర్చుకున్నావు ఇట్లా దాచేది? మా దగ్గరే. నిన్ను తిట్టడం లేదు నాయనా. ఆరోజు అన్న మాట వెనక్కి తీసుకుంటున్నా, అంతే.

మన ఇంట్లో జబ్బును దాచేది కొత్తేం కాదు. మాకు ఒక చిన్నాయన ఉండేవాడు, మా తాత కడగొట్టు కొడుకు. నువ్వు ఆయన్ని చూడలేదు. 1950ల్లో, దాదాపు నీ వయసులోనే, ఆయనకు క్షయ వచ్చింది. క్షయ అంటే అప్పుడు ఊరు ఊరంతా దూరం జరిగేది. ఆయన్ని మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానిటోరియంలో చేర్చినారు. మిషన్లవాళ్లు కలిసి 1910ల్లో పెట్టిన ఆస్పత్రి అది, డెన్మార్కు నుంచి వచ్చిన ఫ్రిమోట్ మోలర్ అనే డాక్టరు దాన్ని నిలబెట్టినాడు. అప్పట్లో కాట్పాడి వైపు నుంచి గానీ రేణిగుంట వైపు నుంచి గానీ రైల్లో వచ్చే రోగులు మన పాకాల జంక్షన్లో బండి మారాల. ధర్మవరం లైను మీటరుగేజి బండి ఎక్కి మదనపల్లె రోడ్డు స్టేషన్లో దిగాల. మా చిన్నాయన కూడా ఇక్కడ ఆ బండే ఎక్కినాడు. ఊర్లో మాత్రం, పిల్లోడు బెంగుళూరులో మిల్లులో పనికి చేరినాడని చెప్పుకున్నారు.

ఆయన నయమై తిరిగొచ్చినాడు. నాకు ఊహ తెలిసేనాటికి ఇంట్లోనే ఉండేవాడు. సూదులు ఎన్ని పొడిచినారో, పాలూ గుడ్లూ ఏ లెక్కన పెట్టినారో ఎప్పుడూ చెప్పేవాడు కాదు. పక్క మంచాల మనుషుల గురించే చెప్పేవాడు. ఒకాయన తిరునెల్వేలి నుంచి వచ్చిన తమిళాయన, పేపరు గట్టిగా చదివి వినిపించేవాడంట. ఒకాయన కోలారు గనుల్లో పనిచేసినవాడు. రాత్రిపూట ఒకరికి దగ్గు తెగకపోతే వరండాలో అందరూ మేలుకుని ఉండేవాళ్లంట. ఏమీ మాట్లాడేవాళ్లు కాదంట, ఊరికే మేలుకుని ఉండేవాళ్లంట. ఇంటికొచ్చినాక మా అవ్వ ఆయనకు తట్ట వేరే, గ్లాసు వేరే పెట్టింది. ప్రేమ లేక కాదు, భయం పోక. ఆయన ఆ తట్టలో తిని, తిన్నె మీద కూర్చుని పోస్టుమాన్ కోసం చూసేవాడు. ఆ వరండా మనుషుల దగ్గర నుంచి కార్డులు వచ్చేవి. ఇంటినిండా మేమంతా ఉండంగా ఆ కార్డుల కోసం ఎందుకంత కాచుకుంటాడో నాకు అర్థమయ్యేది కాదు. మాకు ఆయన మీద ప్రాణమే. కానీ ఆయన ఏం పడినాడో తెలిసింది ఆ కార్డులు రాసేవాళ్లకే.

ఇంకో సంగతి చెప్తా విను. 1956లో మద్రాసులో ఒక పెద్ద అధ్యయనం మొదలైంది. క్షయరోగుల్లో కొందరికి శానిటోరియంలో, కొందరికి వాళ్ల ఇండ్లలోనే మందులిచ్చి చూసినారు. ఇరుకు ఇండ్లలో, చాలీచాలని తిండి తింటూ మందులు మింగినవాళ్లకు కూడా శానిటోరియంలో ఉన్నవాళ్ల మాదిరిగానే నయమైంది. 1959లో ఆ ఫలితం బయటకొచ్చినాక లోకమంతా వైద్యం దారి మారింది. ఎంత మేలో చూడు! పేదోళ్లు భార్యాబిడ్డల్ని వదిలి ఏండ్లకేండ్లు మంచం పట్టి ఉండే అవసరం తప్పింది. ఆ మేలును నేను తక్కువ చేయను. కానీ మంచాలతో పాటు ఆ వరండా కూడా పోయింది కదా. దానికి బదులు ఏం పెట్టాలని ఎవరూ ఆలోచించినట్టు లేదు. ఈ కాలంలో ఏండ్ల తరబడి ఉండే జబ్బు ఏది వచ్చినా, మాత్రలు ఇచ్చి ఇంటికి పంపిస్తారు. మాత్ర మింగేది ఒక్కరే, రాత్రి మేలుకునేదీ ఒక్కరే. నీ వరండాను నువ్వే వెతుక్కోవాల అమ్మణ్ణీ.

అది ఖాళీగా ఏమీ లేదు. లూపస్ వచ్చే పదిమందిలో తొమ్మిదిమంది ఆడవాళ్లేనంట, ఎక్కువమందికి 15 నుంచి 45 ఏండ్ల లోపలే వస్తుందంట. అంటే నీలాంటి బిడ్డలే. పోయినసారి ఓపీలో మన పక్క బెంచీలో పొడుగు చేతుల చొక్కా, చేతిలో గొడుగు, స్టెరాయిడుకు బుగ్గలు ఉబ్బిన పిల్ల ఒకతె కూర్చునింది, గుర్తుందా? ఆ పిల్ల అమ్మా, నేనూ, మీ అమ్మా అంతసేపూ మాట్లాడుకున్నాం. మీరిద్దరు ఒకరినొకరు దొంగచూపులు చూసుకుని ఫోన్లలో తలలు పెట్టుకున్నారు. ఈసారి అట్లా చేయొద్దు. "నీకు జుట్టు ఊడిందా? మళ్లీ వచ్చిందా?" అని అడుగు. ఆ ఒక్క ప్రశ్న చాలు. డాక్టరమ్మను కూడా, రోగుల గుంపు ఏదన్నా ఉందా అని అడుగు. పెద్ద ఆస్పత్రుల్లో సోషల్ వర్కర్లు ఉంటారు, ఆ పని వాళ్లకు తెలుస్తుంది.

ఒక జాగ్రత్త. ఈ జబ్బు ఒకరికి ఉన్నట్టు ఇంకొకరికి ఉండదు. ఒకరికి కిడ్నీ, ఒకరికి కీళ్లు, ఒకరికి చర్మం. వాళ్ల ధైర్యం తెచ్చుకో, వాళ్ల రిపోర్టులు తెచ్చుకుని భయపడొద్దు. ఎవరన్నా మాత్రలు ఆపి మా కషాయం తాగమంటే అక్కడ్నుంచి లేచి రా. స్టెరాయిడు ఉన్నట్టుండి ఆపితే ప్రాణం మీదికొస్తుంది. ఆ మాట నేను ఎన్నిసార్లు చెప్పినా విసుక్కోవద్దు.

నీ జబ్బు పేరు విన్నప్పటినుంచీ కంటికి కనిపించిందల్లా చదువుతున్నా. అమెరికాలో ఫ్లానరీ ఓకానర్ అని కథలు రాసే ఆమె ఉండేది. 25 ఏండ్లప్పుడు ఆమెకు లూపస్ వచ్చింది. ఆమె నాయన అదే జబ్బుతో 1941లో పోయినాడు. అందుకని వాళ్లమ్మ భయపడి, నీది కీళ్లవాతమే అని చెప్పి అసలు పేరు దాచింది. చూసినావా, అమ్మలు ఎక్కడైనా ఒకటే. 1952లో ఒక స్నేహితురాలు ఆమెకు నిజం చెప్పేసింది. ఆ తర్వాత తల్లితో పాటు పొలంలోనే ఉంటూ, నెమళ్లను పెంచుకుంటూ, పొద్దునపూట కథలు రాసుకుంటూ, ఊరూరి స్నేహితులకు ఉత్తరాలు రాస్తూ బతికింది. ఆ ఉత్తరాలే తర్వాత పెద్ద పుస్తకమైనాయి. 1964లో, 39 ఏండ్లకే పోయింది. ఆ మాట రాయాలా వద్దా అని చానాసేపు కలం పట్టుకుని ఉండా. ఈ ఉత్తరంలో దాపరికం ఉండకూడదనే రాసినా. అది అరవై ఏండ్ల కిందటి వైద్యం. ఇప్పటి వైద్యం వేరు, చూసే కండ్లు వేరు. ఆమె గురించి నువ్వు పట్టుకోవలసింది ఆ స్నేహితురాలిని.

అంత దూరం ఎందుకు, మన సమంత ఉండాది కదా. 2022 అక్టోబరులో, సినిమా విడుదల ముందర, చేతికి సెలైను పెట్టుకున్న ఫోటోతో తనకు మయోసైటిస్ అని లోకానికి చెప్పింది. అది కూడా మన రోగనిరోధక శక్తి మన మీదికే తిరగబడే జబ్బు, నీ జబ్బుకు చుట్టమే. మొహమే బతుకుదెరువైన ఆమె చెప్పగా లేంది, నువ్వు ఒక గదిలో ఒక పిల్లకు చెప్పలేవా? లోకానికంతా చెప్పమని నేను అనడం లేదులే. ముగ్గురికి చెప్పు. గదిలో ఉండే అమ్మాయికి, ఆఫీసులో ఒకరికి, చిన్నప్పటి స్నేహితుల్లో ఒకరికి. ఎట్లా చెప్పాలో తెలీకపోతే ఇట్లా చెప్పు: "నాకు లూపస్. అంటుకునేది కాదు. ఎండ పడదు. కొన్ని రోజులు బాగుంటా, కొన్ని రోజులు లేవలేను. లేవలేని రోజు నన్ను ఏమీ అడక్కుండా ఇంత టిఫిన్ తెచ్చిపెట్టు." అంతకంటే అక్కర్లేదు. చెప్పినాక ఒకరిద్దరు తగ్గిపోతారు. పోనీ. ఏడుపొస్తుంది, ఏడువు. పోయినవాళ్ల వెనకాల మాత్రం పోవద్దు.

నిద్ర పట్టడం లేదనీ ఊరికే కోపం వస్తోందనీ మీ అమ్మతో అన్నావంట. స్టెరాయిడు వల్ల కూడా నిద్ర చెడుతుంది, మనసు అటూ ఇటూ అవుతుంది. నీ గుణం మారిపోయిందని అనుకోవద్దు, డాక్టరుకు చెప్పు. రాత్రిపూట గుండె మీద బండ పెట్టినట్టు ఉంటే 14416కు ఫోన్ చెయ్. టెలి మానస్ అని సర్కారు 2022లో పెట్టింది. డబ్బులు పడవు, తెలుగులోనే మాట్లాడతారు, ఏ జాములో అయినా పలుకుతారు. పిచ్చివాళ్లు చేసే ఫోను అని ఎవరన్నా అంటే నా పేరు చెప్పు, నేను మాట్లాడతా వాళ్లతో.

మీ అమ్మ సంగతి. రోజుకు ఐదుసార్లు ఫోన్ చేసి ఏడుస్తుందని విసుక్కుని కట్ చేస్తున్నావంట. అట్లా చేయొద్దు బిడ్డా. ధైర్యం చెప్పమని ఆమెను అడగొద్దు, ఆమె దగ్గరే లేదు. ఆమెకు ఏదన్నా పని చెప్పు. రక్తపరీక్షల కాగితాలన్నీ తేదీల వరసన ఫైలు చేయమను, కండ్ల పరీక్ష ఎప్పుడు చేయించాలో గుర్తు పెట్టుకోమను. చేతికి పని దొరికితే ఆమె తేరుకుంటుంది. ఆమె ఏడ్చేదానికి నేనుండా. ఆమెను నాకు వదిలెయ్.

పెండ్లి గురించి ఒక్క ముక్క. దాచి చేసే సంబంధం మన ఇంట్లో జరగదు, మీ నాయనతో కూడా చెప్పేసినా. జబ్బు అణిగి ఉన్నప్పుడు డాక్టరు చెప్పినట్టు నడుచుకుని బిడ్డల్ని కంటున్నవాళ్లు ఉండారు. తొందరేం లేదు.

వచ్చే నెల చెకప్‌కు మీ అమ్మ రాదు, నేనొస్తా. నువ్వు బెంగుళూరు బండి దిగేటప్పటికి కాట్పాడి స్టేషన్లో ఉంటా. ఆ లోపల నీ గదిలో పిల్లకు చెప్పు. ఏమనిందో నాకు రాయి. ఆ పిల్ల పేరు కూడా రాయి, ఇన్ని నెలలైనా నువ్వు చెప్పనే లేదు.

నీ
పెద్దమ్మ